అంగన్‌వాడీకని కుట్టిన ఏనుగు

మా ఇంట్లో బిడ్డ భూమ్మీద పడకముందు బొంతకు సూది పెట్టరు. బిడ్డ పుట్టాలి, పురిటి స్నానం కావాలి, ఆ తర్వాతే పెద్దవాళ్ళ పాత చీరలు అడిగి తెచ్చుకుని నలుగురు ఆడవాళ్ళు కూర్చుని కుట్టాలి. ముందే కుట్టి పెట్టుకుంటే దిష్టి అంటారు, దేవుణ్ణి తొందరపెట్టినట్టు అంటారు. మా అమ్మవాళ్ళ తారానగర్‌లోనూ ఇదే మాట, నేను కోడలిగా వచ్చిన ఈ తోరణగల్లులోనూ ఇదే మాట. ఇక్కడ కన్నడం వాళ్ళు బొంతను కౌది అంటారు, పేరు మారుతుందే కానీ పద్ధతి మారదు.

నేనేమో ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లూ నైటీలూ కుట్టే మనిషిని. నా చేతులు ఊరికే ఉండవు, నోరు అసలే ఊరుకోదు. అలాంటిదానికి దేవుడు పెట్టిన పరీక్ష ఏమిటంటే, కూతురు కడుపుతో ఇంట్లో ఉండటం, దారాలూ గుడ్డపేలికలూ చుట్టూ ఉండటం, అయినా చేతులు కట్టుకుని కూర్చోవాల్సి రావడం.

పోయినేడాది ఆరో నెలలో దానికి కడుపు పోయింది. ఈ ఏడు మళ్ళీ నిలిచింది. మంచం దిగకూడదని బళ్ళారి డాక్టరమ్మ గట్టిగా చెప్పడంతో, మా అల్లుడు దాన్ని హచ్చొళ్ళి నుంచి తెచ్చి మా దగ్గర వదిలిపెట్టాడు. అక్కడ వరినాట్ల కాలం, ఇంట్లో మనిషి నిలవడు. నా కూతురు చిన్నపిల్లల బడిలో టీచరు. నోరు తెరిస్తే తరగతి గదంతా వినిపించే పిల్ల. అలాంటిది ఒక్క సంచీతో వచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది.

బిడ్డ అనే మాట దాని నోట రాలేదు. ఎన్నో నెల అని ఎవరైనా అడిగితే "డాక్టరమ్మ చూస్తాండాది" అనేది. అదేం జవాబు? చెయ్యి పొరపాటున పొట్ట మీద పడితే తీసి పక్కన పెట్టుకునేది. నేను చూసి చూడనట్టు అటు తిరిగేదాన్ని. దానికి ఆశ పడాలంటే భయం, అది ఆశ పడకపోతే నాకు భయం. బిడ్డ బతకాలని దేవుణ్ణి అడిగేదాన్ని నిజమే, కానీ అంతకంటే ఎక్కువగా, ఈ పిల్ల ఒక్కసారి నోరారా 'నా బిడ్డ' అనాలని అడిగేదాన్ని.

ఒకరోజు మా ఆయన పాత యూనిఫాం ప్యాంటు చేతికి దొరికింది. ఉతికి ఉతికి మెత్తబడి, మంచి బూడిద రంగు తేలి ఉంది. ఆ రంగు చూడగానే ఏనుగు గుర్తొచ్చింది, నేనేం చేసేది? పాత దుప్పటి అంచు నుంచి ఒక తెల్లటి చదరపు ముక్క కత్తిరించి, దాని మీద ప్యాంటు గుడ్డతో ఏనుగును అతికించి, చుట్టూ చేత్తో కుట్టడం మొదలుపెట్టాను. మంచం పక్కనే కూర్చుని కుట్టాను. ఎంతసేపని గోడను చూస్తుంది? ఇటు తిరిగింది.

"ఏంది అది?"

"ఏనుగు."

"ఎవరికి?"

నా నోట్లో నువ్వు గింజ నానదని ఊరంతటికీ తెలుసు. అయినా ఆ పూట ఏ దేవత కరుణించిందో, అబద్ధం ఠక్కున వచ్చింది. "అంగన్‌వాడీకి. పిల్లోళ్ళు కూర్చునేకి పరుపు కావాలంట. జంతువులుంటే చూస్తారని."

అది కాసేపు చూసింది. "తొండం చూడు. పంది మొగానికి తోక కుట్టినట్టుండాది."

"అయితే నువ్వే గీయి, చూద్దాం."

"పెన్సిలు ఇట్లియ్యి," అంది.

మర్నాటికల్లా ఎలుగుబంటి గీసింది. మా చుట్టుపక్కల గుట్టల్లో ఎలుగుబంట్లుంటాయి, చిన్నప్పుడు సీతాఫలాల తోట దగ్గర ఒకదాన్ని చూసి పరిగెత్తిన పిల్లే ఇది. నల్ల లంగా గుడ్డతో ఒళ్ళు, మూతికి గోధుమరంగు ముక్క. అది గీసి కత్తిరించేది, నేను కచ్చా కుట్టు వేసి, అంచులు లోపలికి మడిచి, కుట్టేదాన్ని. ముక్క మూల వంకరైతే ఊరుకునేది కాదు. "విప్పు. మళ్ళీ కుట్టు," అనేది, బడిలో పిల్లలతో అన్నట్టు. ముప్పై ఏళ్ళుగా ఊరి జాకెట్లన్నీ కుట్టినదాన్ని, నాతో విప్పించింది! లోపల ఎంత సంతోషపడ్డానో నాకే తెలుసు.

బయట అరుగు మీద కూర్చునే మా అత్తకు చెవులు పాము చెవులు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమంట. ఏందే లోపల సూది చప్పుడు?" అని అరిచింది.

నేను బయటికొచ్చి ఏనుగును చూపించాను. "అత్తా, ఇది బొంత కాదు. ముక్క. ముక్కలు కలిపి, అస్తరు ఏసి కుడితేనే కదా బొంత."

ఆమె ముక్కను తిప్పి చూసింది, వెనక కుట్లు లెక్కపెట్టినట్టు చూసింది. పద్ధతులంటే ఆమెకు ప్రాణం, పద్ధతిలో సందు దొరికితే ఇంకా ప్రాణం. "ముక్క ముక్కే," అని తీర్పు చెప్పింది. "కలపొద్దు."

అంతటితో ఊరుకుంటే మా అత్త ఎందుకవుతుంది? సాయంత్రం అటుగా పోతున్న అంగన్‌వాడీ టీచరును పిలిచి, "మా కోడలు మీకు ఏనుగులు కుడతాండాది," అని చెప్పేసింది. ఆ పిల్ల పరిగెత్తుకుంటూ లోపలికొచ్చి, "హౌదా అక్కా? మా పిల్లోళ్ళు ఎంత కుశాల్‌గా ఉంటారో!" అని నా రెండు చేతులూ పట్టుకుంది. ఇంకేం చెప్పను? నా అబద్ధం నా మెడకే చుట్టుకుంది. మంచం మీద నుంచి నా కూతురు నన్నే చూస్తోంది. ఏనుగూ పోయింది, ఎలుగుబంటీ పోయింది, ఆ తర్వాత కుట్టిన గొర్రెలూ మేకలూ మందగా పోయాయి.

అది మొదలు మా ఇంట్లో పనులే పనులు. కంపెనీ బస్సులో కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందని మా ఆయన అంటే, వీపుకు పెట్టుకునేకి ఒక దిండు, దాని మీద పులి. "పులినే బస్సెక్కిస్తాండావే," అని తోటివాళ్ళు ఆటపట్టించారట, అయినా వదలకుండా రోజూ చంకలో పెట్టుకుని పోయేవాడు. అత్త తలగడకు పిల్లి. పక్కింటి పిల్ల బడిసంచికి తాబేలు. రోడ్డు మీది ఎర్ర దుమ్ము పడకుండా నా మిషనుకు కప్పే గుడ్డ మీద రెండు ఉడుతలు.

బాగానే ఉందనుకుంటున్నారా? నాకూ మొదట బాగానే అనిపించింది. తర్వాత గమనించాను. చివరి దారం తెంపకముందే నా కూతురు ఆ ముక్క ఎవరికి పోవాలో చెప్పేస్తుంది. "ఇది అవ్వకు." "ఇది అంగన్‌వాడీకి." ఒక్క జంతువునూ ఇంట్లో రెండో పొద్దు నిలవనియ్యదు. ఎవరూ అడగకపోతే, "ఆ పాలాయన మనవడికి ఇయ్యరాదా?" అని తనే గుర్తుచేస్తుంది. చేతులకు పని దొరికింది కానీ, మనసు ఇంకా గోడవైపే తిరిగి ఉంది.

నాకు మొండితనం పట్టుకుంది. మధ్యాహ్నం అది కునుకు తీసినప్పుడు, ఇచ్చేసిన ప్రతి జంతువుకూ జత కుట్టడం మొదలుపెట్టాను. అదే ప్యాంటులో మిగిలిన గుడ్డతో ఇంకో ఏనుగు. అదే లంగాతో ఇంకో ఎలుగుబంటి. కలపలేదు, అత్త మాట తప్పలేదు. కుట్టి, మడిచి, ఇవ్వాల్సిన జాకెట్ల మూటలో అడుగున దాచాను. దొంగతనం చేసేవాళ్ళకు తెలివి కావాలి, నాకు తొందర తప్ప ఏముంది? ఒకామె జాకెట్టు కోసం వచ్చినప్పుడు నేను పెరట్లో ఉన్నాను. నా కూతురు మంచం మీదే కూర్చుని మూట విప్పి ఆమెది ఆమెకిచ్చింది. నేను చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చేసరికి వచ్చినామె వెళ్ళిపోయింది, దుప్పటి మీద జంతువులన్నీ వరసగా ఉన్నాయి.

"ఈ ఏనుగు అంగన్‌వాడీకి పోయింది కదా?"

"ఇది ఇంకోటి."

"ఎవరికి?"

ఈసారి అబద్ధం రాలేదు.

"ఎవరికమ్మా?"

"నీకు తెల్దా?" అన్నాను.

అది అరవలేదు. అరిచినా బాగుండేది. "పోయిన తూరి నేనొక గౌను కొన్నా," అంది. "బళ్ళారిలో. నీక్కూడా చెప్పలే. చిన్నది, పసుప్పచ్చది. ఇప్పుటికీ బీరువాలో ఉండాది. పారేసేకి చెయ్యి రాదు, చూసేకి కన్ను రాదు. బీరువా తీసినప్పుడల్లా మొగం పక్కకు తిప్పుకుంటా. ఇప్పుడు నీ ఏనుగును గూడ దాని పక్కన పెట్టుకోవల్నా?"

ఆ మాటకు ఏ తల్లయినా పోయి కూతుర్ని కావలించుకుంటుంది. నాకేమో కోపం వచ్చింది. ఎక్కడ దాక్కుని ఉందో ఏడాదిగా, ఒక్కసారి బయటపడింది.

"నీకొక్కదానికే పోయిందా? నాకు పోలేదా? ఆసుపత్రికి వచ్చినోళ్ళంతా నిన్ను ఓదార్చేకి వచ్చినోళ్ళే. నన్ను ఒక్కరన్నా అడిగినారా? అవ్వనయి రావల్సినదాన్ని, ఏమీ కాకుండా ఉత్తచేతుల్తో బస్సెక్కి ఇంటికొచ్చినా. నేను ఏడ్చేకి యాడుండాదే జాగా?"

అనేదంతా అనేసి, మంచాన ఉన్న పిల్లతో ఏం మాట్లాడానో నాకే అర్థమై, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. అది జంతువులన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి నా చేతికిచ్చి, గోడవైపు తిరిగి పడుకుంది.

కొన్నాళ్ళు ఇంట్లో మిషను చప్పుడు లేదు. తప్పయిందని ఒప్పుకోవడం మా వంశంలో ఎవరికీ రాదు, ఉగ్గాని చేస్తాం. దానికి ఇష్టమని బొరుగులు నానబెట్టి, పుట్నాలపొడి దండిగా వేసి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇచ్చాను. తింది. "ఉప్పు తక్కువ," అంది. ఉప్పు సరిపోయిందని నాకు తెలుసు. అది కూడా మా వంశమే మరి.

ఆరో నెల వచ్చింది. ఆ నెలంతా ఇంట్లో ఎవరమూ గట్టిగా తలుపు కూడా వెయ్యలేదు. మా ఆయన బస్సు దిగి ఇంట్లోకి వస్తూనే నా మొహం చూసేవాడు, నేను తల ఊపితే చెప్పులు విడిచేవాడు. ఆరో నెల పోయింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఏడో నెలలో ఒక మధ్యాహ్నం నేను బియ్యం ఏరుకుంటున్నాను. "అమ్మా, ఈడికి రా," అని పిలిచింది. చాట అక్కడే పడేసి పరిగెత్తాను.

"ఏమయిందే? నొప్పా?"

"సుమ్నే ఊరుకోమ్మా. చెయ్యి ఇట్లియ్యి."

నా చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల కదులుతోందని నాకు తెలుసు, పైట కదలడం ఎన్నిసార్లు చూశానో. కానీ ముట్టుకోమని అది పిలవలేదు, నేను అడగలేదు. ఇప్పుడు అరచేతి కింద ఒక్క తన్ను తన్నింది. అబ్బా! ఆ తన్నుకు నా ఒళ్ళంతా పులకరించింది.

"పొద్దన్నుంచి ఇదే ఆట. కాళ్ళు ఒకచోట నిలవవు. ఏనుగు గాదు, ఏం గాదు, ఇది కోతి," అంది. పెన్సిలు తీసుకుని గుడ్డ మీద కోతిని గీసింది. తోక పొడుగ్గా, ముక్క అంచు దాటి పోయేలా గీసింది. నా పాత గోధుమరంగు చీర కావాలని అడిగి కత్తిరించింది. సాయంత్రానికి కుట్టడం అయింది. దారం తెంపుతూ, అలవాటు కొద్దీ అడిగాను, "ఇది ఎవరికి?"

"ఇది యాడికీ పోదు," అంది.

నేను వంటింట్లోకి పోయి, ఉల్లిగడ్డ అవసరం కూడా లేకుండా ఏడ్చాను.

ఎనిమిదో నెల చివర్లో, నేను మళ్ళీ మూటలో దాచిన జంతువులన్నీ తెమ్మంది. కోతిని మధ్యలో పెట్టి, చుట్టూ మిగతావాటిని అమర్చి చూసుకుంది. "అమ్మా, కలిపెయ్యి," అంది.

అరుగు మీద నుంచి మా అత్త లేచి వచ్చేసింది. "ఏందిమా, పుట్టకముందేనా? తెలిసి తెలిసి దిష్టిని పిలుస్తారా? మన ఇంట్లో ఎవరన్నా చేసినారా?"

నా కూతురు నెమ్మదిగానే అంది. "పోయిన తూరి ఎవరూ సూది ముట్టలే కదవ్వా. అంతా పద్ధతి ప్రకారమే ఉంటిమి. మరి ఏమాయె?"

ముసలామె మంచం అంచున కూర్చుని నా కూతురి పాదం మీద చెయ్యి వేసింది. "ఒక మూల వదిలిపెట్టి కుట్టండి. జానెడు. మూల మూయకపోతే బొంత ముగిసినట్టు కాదు," అని తన చీర ఒకటి తెచ్చి అస్తరుకిచ్చింది.

కలిపాను. చెప్పడానికి ఒక్క మాట కానీ, ఆ కుట్టు నా చేతికి లొంగలేదు. దారం తెగింది, సూది వేలిలో దిగింది. ఇన్నాళ్ళూ దాని వెంటపడి ఆశపడు ఆశపడు అని మనసులో మొత్తుకున్నదాన్ని నేనే. అది ఆశపడగానే ఆ భయం నాకు పట్టుకుంది. ఈ బొంత ఆ బీరువాలో గౌను పక్కకు చేరితే? ఆ మాట పైకి అనలేదు. ఒక మూల వదిలి, మిగతాదంతా కుట్టాను.

నొప్పులు పొద్దున్నే మొదలయ్యాయి. బండి వాకిట్లోకి వచ్చింది. నేను మెత్తటి పాత గుడ్డలు, ఫ్లాస్కు, దాని చీరలు సంచిలో పెట్టాను. బొంత మంచం మీద మడత పెట్టి ఉంది. తీసి సంచిలో పెట్టాను. మళ్ళీ తీశాను. బయట నుంచి మా ఆయన జెల్దీ రమ్మని కేకేస్తున్నాడు. పోయినసారి ఉత్తచేతులతో బస్సెక్కిన దినం కళ్ళ ముందుకొచ్చింది. బొంతను నా ట్రంకుపెట్టెలో పెట్టి తాళమేసి బండెక్కాను.

బళ్ళారి ఆసుపత్రి వరండాలో ఎన్ని మొక్కులు మొక్కానో అడగొద్దు. తీర్చాలంటే ఈ జన్మ చాలదు. చివరికి లోపలి నుంచి ఏడుపు వినిపించింది. సన్నగా, కోపంగా, ఎవరో నిద్ర చెడగొట్టినట్టు. మా అల్లుడు నా కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. హచ్చొళ్ళి నుంచి పొలం బురద కాళ్ళతోనే వచ్చిన పిల్లవాడు, వాణ్ణి లేపి నేనూ ఏడ్చాను. ఆడపిల్ల.

మమ్మల్ని లోపలికి పంపేసరికి నా కూతురు కళ్ళు మూసుకుని ఉంది. నా అడుగుల చప్పుడు విని కళ్ళు తెరిచింది. మొదటి మాట, "బొంత యాడ?"

"మర్చిపోయినా," అన్నాను.

"నువ్వు మర్చిపోయే మనిషివా?" నా మొహంలోకి చూసింది. "భయపడినావు."

తల దించుకున్నాను. "అవునే," అన్నాను. "తేవాలనే ఉండె. చేతులు రాలేదు."

అది తిడుతుందనుకున్నాను. చెయ్యి చాచి నా కొంగు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "ఇన్ని నెలలు నేను భయపడినా. ఇంక నీ వంతా? సాకమ్మా, ఇంక చాలు," అంది, నీరసంగా నవ్వుతూ. తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్ళ నాన్న వైపు తల తిప్పింది. "నాయనా, అమ్మ పెట్టెలో ఉంటాది. పోయి తీసుకురా."

ఆయన తాళం చెవి కోసం నా వైపు చెయ్యి చాచాడు. నడుం నుంచి తీసి ఇచ్చాను. ఆయన అంత వేగంగా నడవడం నేను పెళ్ళయిన కొత్తలో కూడా చూడలేదు.

కాసేపటికి నర్సు బిడ్డను తీసుకొచ్చింది. ఎర్రటి మొహం, బిగించిన పిడికిళ్ళు. చేతిలో ఆసుపత్రి గుడ్డ ఒకటి, బిడ్డకు చుట్టడానికి. "మీరేమీ బట్ట తేలేదా?" అని అడిగింది.

నేను సంచిలోని పాత గుడ్డల కోసం వంగాను. నా కూతురు మంచం మీద మోచేతులానించి లేవబోయింది. వద్దంటున్నా వినలేదు. రెండు చేతులూ చాచి బిడ్డను తీసుకుని, రొమ్ముకు ఆనించుకుని, తన చీర చెంగే చుట్టింది.

"ఆ గుడ్డ వద్దు సిస్టర్," అంది, తరగతి గదంతా వినిపించే ఆ పాత గొంతుతో. "నా బిడ్డ బొంత ఇంట్లో ఉండాది. మా నాయన తెస్తాండాడు."